మానసిక పునరావాసం గురించి వార్డు సిబ్బందికి ఎక్కడి నుంచి చెప్పడం మొదలుపెట్టాలి?

మీరు అడిగినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. ముప్పై పడకల మానసిక వైద్య విభాగంలో నర్సింగ్ బాధ్యత మీకు కొత్తగా అప్పగించారు. వార్డు నర్సులకు, ఇద్దరు కౌన్సెలర్లకు, ఇద్దరు జూనియర్ డాక్టర్లకు మానసిక పునరావాసాన్ని పరిచయం చేస్తూ ఒక పూట శిక్షణ ఇవ్వమన్నారు. మీ సిబ్బంది దృష్టిలో పునరావాసమంటే కొవ్వొత్తులు, కాగితపు కవర్లు చేయించడం. మీ పెద్ద డాక్టరుగారి దృష్టిలో అది జబ్బు లక్షణాలు పూర్తిగా తగ్గిన తరువాత మరెవరో, మరెక్కడో చేసే పని. విడిగా గది లేదు, నిధులు లేవు. ఇన్నింటి మధ్య ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. నిర్వచనంతో మొదలుపెట్టకండి, మీ వార్డుకు మూడోసారి తిరిగి వచ్చిన ఒక మనిషితో మొదలుపెట్టండి. ఆ కేసు షీటు తీసి, పేరూ ఊరూ కనబడకుండా చేసి, అందరి ముందూ పెట్టి ఒకే ప్రశ్న అడగండి: "క్రితంసారి డిశ్చార్జి అయిన మర్నాటి నుంచి మళ్ళీ ఇక్కడికి వచ్చేదాకా, ఈయన పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఏం చేసేవారు?" చెవిలో గొంతులు ఎప్పుడు తగ్గాయో, ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చారో, ఇంటికి వెళ్ళాక ఎన్నాళ్ళకు మానేశారో ఆ షీటులో దొరుకుతుంది. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు దొరకదు. పునరావాసం పనిచేసేది సరిగ్గా ఆ ఖాళీలోనేనని అప్పుడు చెబితే మనసుకు పడుతుంది. ముందే చెబితే నోట్సు రాసుకుంటారు, అంతే.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. ఇరవై రెండేళ్ళుగా ప్రభుత్వ వార్డుల్లోనూ, ఒక డే కేర్ కేంద్రంలోనూ, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద మండల కేంద్రాల్లోనూ పనిచేశాను. మీరు చేయబోయే శిక్షణ లాంటివి చాలానే చేశాను. మొదటి ఐదారు బాగా చెడగొట్టాను కూడా. కింద రాసినదంతా ఆ అనుభవంతో రాస్తున్నదే.

కేసు షీటు అయ్యాక, ముందుగా మాట గురించి. తెలుగులో ఈ పేరుతోనే ఒక చిక్కు ఉంది. పునరావాసం అనగానే మనవాళ్ళకు ప్రాజెక్టు కింద మునిగిపోయే ఊళ్ళకు కట్టించే కాలనీలు గుర్తుకొస్తాయి. "రీహాబ్" అంటే తాగుడు మాన్పించే కేంద్రం గుర్తుకొస్తుంది. మాటలోనే ఆవాసం ఉంది కాబట్టి, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళను ఎక్కడో ఒకచోట చేర్చడమని కొత్త నర్సులు అనుకుంటే వాళ్ళ తప్పు కాదు. ఒకసారి ఒక స్టాఫ్ నర్సు ఎంతో నిజాయితీగా "మా వార్డులో అందరికీ ఇళ్ళున్నాయి మేడం, ఇది మాకు అవసరం లేదేమో" అన్నారు. అప్పటి నుంచి నేను ఒక పది నిమిషాలు ఈ మాట మీదే ఖర్చు పెడుతున్నాను. ఇక్కడ తిరిగి సంపాదించుకోవలసింది ఇల్లు ఒక్కటే కాదని, ఆ ఇంట్లోనూ ఊళ్ళోనూ ఆ మనిషికి ఒకప్పుడు ఉన్న స్థానాన్ని, అంటే కోడలిగా, కౌలు రైతుగా, విద్యార్థిగా, మేస్త్రీగా ఉన్న చోటునని చెబితే వెంటనే పట్టుకుంటారు.

బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఈ రంగానికి రూపం ఇచ్చిన విలియం ఆంథొనీ, ఆయన సహచరులు చెప్పిన భావాన్ని నా మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: మానసిక వైకల్యం ఉన్న వ్యక్తి తాను ఎంచుకున్న చోట, తన పని తాను నెగ్గుకొస్తూ, తనకు తృప్తి కలిగేలా, మనలాంటి వృత్తినిపుణుల జోక్యం వీలైనంత తక్కువగా ఉండేలా బతకడానికి తోడ్పడటమే పునరావాసం. ఇందులో "తాను ఎంచుకున్న" అన్న మాటను బోర్డు మీద పెద్దగా రాయండి. తక్కినవి మన సిబ్బంది సులభంగానే ఒప్పుకుంటారు. ఎంపిక రోగిదే అన్నప్పుడే కుర్చీల్లో కదలిక మొదలవుతుంది. "మతి స్థిమితం లేనివాళ్ళు ఏం ఎంచుకుంటారు?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అడగనివ్వండి. ఆ మాట లోపలే ఉండిపోవడం కంటే పైకి రావడం మేలు.

తరువాత మీ పెద్ద డాక్టరుగారి అభ్యంతరానికి రావాలి. "ముందు లక్షణాలు తగ్గనివ్వండి, పునరావాసం తరువాత చూద్దాం" అన్న మాటలో సగం నిజం ఉంది. ఆత్మహత్య ఆలోచన బలంగా ఉన్న మనిషినో, రాత్రంతా నిద్ర లేకుండా ఉద్రేకంలో ఉన్న మనిషినో కూర్చోబెట్టి "మీ లక్ష్యం ఏమిటి?" అని అడగడం అర్థం లేని పని. మందులను వదిలేసి పునరావాసం చేయవచ్చని నేను అనడం లేదు, అలా అనేవాళ్ళను నమ్మను కూడా. అయితే డాక్టరుగారి మాటలో మిగిలిన సగం ప్రమాదకరం. లక్షణాలు పూర్తిగా తగ్గేదాకా వేచి ఉండటమనేది తటస్థంగా గడిచే కాలం కాదు. ఆ కాలం మనిషిని లోపల తినేస్తుంది. ఇంగ్లండులో జాన్ వింగ్, జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకులు మూడు మానసిక ఆసుపత్రుల్లో స్కిజోఫ్రేనియా (లేని గొంతులు వినిపించడం, మనిషి ముడుచుకుపోవడం లాంటివి కనిపించే తీవ్రమైన మానసిక జబ్బు) ఉన్న స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించి 1970లో పుస్తకంగా ప్రచురించారు. ఏ పనీ లేకుండా ఊరికే గడిపే సమయం ఎంత ఎక్కువగా ఉంటే మాట తగ్గిపోవడం, ముడుచుకుపోవడం అంత ఎక్కువగా కనిపించాయని, ఊరికే గడిపే సమయం తగ్గినచోట అవి మెరుగుపడ్డాయని వాళ్ళు చూపించారు. మనం జబ్బు అనుకుంటున్నదాంట్లో కొంత భాగం మన వార్డే తయారుచేస్తున్నదన్నమాట. ఈ ఒక్క విషయం మా దగ్గర ఇద్దరు సీనియర్ డాక్టర్ల ఆలోచనను కదిలించింది. లెక్చరు ఇచ్చి ఉంటే కదిలేవారు కాదు.

ఇంకొకటి కూడా వారి దృష్టికి తీసుకురావచ్చు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్ర ఆసుపత్రి వెనక వార్డుల నుంచి 1950లలో పునరావాస కార్యక్రమం ద్వారా బయటికి పంపిన వాళ్ళను, అంటే ఇక బాగుపడరని అనుకున్నవాళ్ళను, మూడు దశాబ్దాల తరువాత కోర్ట్నీ హార్డింగ్ బృందం వెతికి పట్టుకుంది. 1987లో ప్రచురించిన ఆ ఫలితాల్లో సగం నుంచి మూడింట రెండు వంతుల మంది గణనీయంగా మెరుగుపడ్డారు, లేదా కోలుకున్నారు. స్కిజోఫ్రేనియా అంటే మెట్టు మెట్టుగా దిగజారడమేనని చదువుకున్న తరానికి ఇది కొరుకుడు పడని ఫలితం. అయితే దీన్ని చెప్పేటప్పుడు హద్దు దాటకండి. ముప్పై ఏళ్ళ కాలంలో వచ్చిన మార్పుకు పునరావాసం ఒక్కటే కారణమని ఎవరూ ఘంటాపథంగా చెప్పలేరు. చెప్పగలిగింది ఒకటే: "ఇక ఇంతే" అని కేసు షీటులో రాసే హక్కు మనకు లేదు.

మన దేశపు ఆధారం కావాలంటే 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ఉంది. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలలో స్థానికులకే శిక్షణ ఇచ్చి, స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్ళ ఇళ్ళకు పంపి, ఆసుపత్రి చికిత్సకు తోడుగా పునరావాస సాయం అందించారు. ఏడాది తరువాత చూస్తే, ఆసుపత్రి చికిత్స మాత్రమే పొందినవాళ్ళకంటే వీళ్ళకు లక్షణాలూ, వైకల్యమూ కొంత ఎక్కువగా తగ్గాయి. ఆ తేడా స్వల్పమే. దాన్ని స్వల్పమనే చెప్పండి. పెంచి చెబితే డాక్టర్లు మళ్ళీ మీ మాట వినరు.

ఇప్పుడు నర్సులకు నేరుగా తగిలే విషయానికి వస్తాను. మన ఇళ్ళలో స్కిజోఫ్రేనియా గురించి వినిపించే ఫిర్యాదుల్లో "గొంతులు వినిపిస్తున్నాయి" అన్నదానికంటే "బద్ధకం, ఒళ్ళు వంచడు, స్నానం కూడా చెబితే తప్ప చేయడు" అన్నదే ఎక్కువ. సిబ్బంది కూడా అదే మాట వాడతారు. ఉత్సాహం ఉడిగిపోవడం, ఏ పనైనా మొదలుపెట్టలేకపోవడం జబ్బులో భాగమని వాళ్ళు చదువుకున్నారు, కానీ వార్డులో ఆ చదువు గుర్తుకు రాదు. దీనికి తోడు ఏకాగ్రత, జ్ఞాపకం, ఒక పని తరువాత మరొకటి క్రమంగా చేసుకుపోయే శక్తి కూడా దెబ్బతింటాయి. మందులు గొంతులను అణచినంత బాగా వీటిని సరిచేయలేవు. అందుకే లక్షణాలు తగ్గడం ఒకటి, బతుకు నడవడం మరొకటి. మొదటిది జరిగితే రెండోది దానంతట అదే జరగదు. మీ శిక్షణలో ఒక్క వాక్యమే మిగలాలంటే ఇది మిగలాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. గుర్తించే వీలు లేకుండా వివరాలు మార్చాను. ముప్పై నాలుగేళ్ళ గృహిణి. పదకొండేళ్ళుగా జబ్బు, ఆరేళ్ళుగా మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారు, గొంతులు లేవు. అత్తగారు వంటింట్లోకి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. అందులో దురుద్దేశం లేదు; జబ్బు మొదటి రోజుల్లో ఒకసారి పొయ్యి మీద పాలు మాడి గుడ్డ అంటుకుంది, ఆ భయం అలాగే ఉండిపోయింది. ఏం కావాలని నేను అడిగితే ఆమె చాలాసేపు ఊరుకుని, "పొద్దున్నే మా వాడికి నేనే టీ కలిపి ఇవ్వాలి" అన్నారు. మా బృందంలో ఒకరు దాన్ని లక్ష్యంగా రాయడానికే సంకోచించారు. మేము అదే రాశాం.

టీ కాయడాన్ని పదమూడు మెట్లుగా విడగొట్టాం. రెగ్యులేటరు తిప్పడం ఒక మెట్టు, గిన్నె పెట్టి నీళ్ళు కొలవడం ఒక మెట్టు, చివరికి స్టవ్ ఆపి రెగ్యులేటరు మళ్ళీ తిప్పడం పదమూడోది. మెట్ల క్రమాన్ని పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి వంటింటి గోడకు అంటించాం. మొదట నర్సు చేసి చూపించారు, తరువాత ఇద్దరూ కలిసి చేశారు, తరువాత నర్సు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. చేతులు కట్టుకుని నిలబడటమే అన్నిటికంటే కష్టమని ఆ నర్సు తరువాత నాతో అన్నారు. మూడో వారంలో ఒక సంగతి బయటపడింది. కప్పులో పోసేటప్పుడు ఆమె చేతులు వణుకుతున్నాయి. ఓపీలో ఐదు నిమిషాల పరీక్షలో ఎవరికీ కనబడని ఆ వణుకు టీ పోస్తున్నప్పుడు కనబడింది. డాక్టరుగారు మందు మోతాదు సవరించారు. మందు తరువాత పునరావాసం అనే వరస ఎందుకు తప్పో మీ పెద్ద డాక్టరుగారికి చెప్పాలంటే ఈ సంగతి చెప్పండి. పునరావాసం మందుకు కూడా కళ్ళవుతుంది. నాలుగు నెలల తరువాత అత్తగారు "ఇప్పుడు టీ నీళ్ళలా ఉంటోందమ్మా" అని ఫిర్యాదు చేయడానికి వచ్చారు. అంటే టీ ఎలా ఉందన్నది మామూలు ఇంటి గొడవగా మారింది. నా ఉద్యోగంలో అంత సంతోషం కలిగించిన ఫిర్యాదు మరొకటి లేదు.

అన్నీ ఇలా జరగవు. నేను చెడగొట్టిన కేసు కూడా చెప్పాలి, ఎందుకంటే శిక్షణలో అందరికంటే ఎక్కువగా పనికొచ్చేది అదే. ఇరవై ఆరేళ్ళ యువకుడు, డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. తెలిసినవాళ్ళను బతిమాలి మందుల దుకాణంలో పని ఇప్పించాను. తొమ్మిదో రోజున మానేశాడు. ఫైలులో "ప్రేరణ లేదు" అని నా చేత్తో నేనే రాశాను. ఏడాది తరువాత ఓపీ దగ్గర కనిపిస్తే మాట్లాడుతుండగా చెప్పాడు: కౌంటరు దగ్గర ఒకేసారి నలుగురు మాట్లాడుతుంటే ఎవరి మాట వినాలో, లోపలి గొంతు ఏదో, బయటి గొంతు ఏదో తేల్చుకోలేకపోయాడట. తనకు మోటార్లు వైండింగ్ చేసే పని ఇష్టమట. ఒక మూల కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా, చుట్లు లెక్కపెట్టుకుంటూ తీగ చుట్టవచ్చు. లెక్క పెడుతున్నంతసేపు గొంతులు కూడా దూరంగా ఉంటాయట. ఆ ఊళ్ళో వైండింగ్ షాపులు నాలుగు ఉన్నాయి. నేను అడగలేదు, అంతే. ప్రేరణ లేనిది అతనికి కాదు, అడగాలన్న ఓపిక లేనిది నాకు. ఆ తరువాత అతను షాపులో చేరి, వర్షాకాలంలో ఒకసారి జబ్బు తిరగబెట్టినా మళ్ళీ వెళ్ళి, రెండేళ్ళకు పైగా పనిచేశాడు. షాపు యజమానికి జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్న నిర్ణయం కూడా అతనిదే; ఎనిమిది నెలల తరువాత తనే చెప్పుకున్నాడు. మనం చెప్పకూడదు. చట్టం కూడా ఒప్పుకోదు.

ఈ సందర్భంలోనే పని గురించిన ఒక పాత నమ్మకాన్ని మీ సిబ్బంది ముందు పెట్టాలి. ముందు కొవ్వొత్తులు, కవర్లతో అలవాటు చేసి, ఆ తరువాత నిజమైన పనికి పంపడం మన దగ్గర పద్ధతి. చాలామంది ఆ కవర్ల దగ్గరే ఆగిపోతారు. 1990లలో అమెరికాలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ దీన్ని తిరగేశారు: పని కావాలన్న వ్యక్తికి ముందు నిజమైన పని వెతికిపెట్టి, ఆ పనిలో ఉండగానే అవసరమైనంత కాలం తోడు నిలవడం. పని చేయాలన్న కోరిక ఒక్కటే అర్హత. జబ్బు ఎంత తీవ్రంగా ఉందన్నది అడ్డు కాదు. చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో, పని సంపాదించుకోవడం విషయంలో ఇదే పాత పద్ధతి కంటే మెరుగైన ఫలితాలిచ్చింది. అయితే మన పల్లెల్లో నెల జీతపు ఉద్యోగాలు తక్కువ. మన దగ్గర పని అంటే సొంత గేదెలు, కౌలు చేను, ఉపాధి హామీ పని, అన్న నడిపే టిఫిన్ బండి. సూత్రాన్ని ఉంచుకుని రూపాన్ని మార్చుకోవాలి. ఉపాధి హామీ పనిలో మేస్త్రీతో మాట్లాడి, నీళ్ళందించే పని ఇప్పించడం కూడా తోడు నిలవడమే.

కొవ్వొత్తులను నేను ఎగతాళి చేయడం లేదు. చేతులు కదపడానికి, పది మందిలో కూర్చోవడానికి అవి పనికొస్తాయి. కానీ చేయాలా వద్దా అన్నది రోగి ఇష్టం కావాలి, డబ్బు వస్తే అది రోగికి చెందాలి. ఇక్కడ ఒక ఇబ్బందికరమైన సంగతి ఉంది. ప్రతి వార్డులోనూ ఒక "మంచి పేషెంటు" ఉంటారు. ఊడుస్తారు, అన్నం బకెట్టు మోస్తారు, కొత్తవాళ్ళకు స్నానం చేయిస్తారు. నేను పనిచేసిన ఒకచోట అలాంటి ఒకాయన్ను డిశ్చార్జి చేయాలంటే సిబ్బందే వెనకాడారు, ఎందుకంటే ఆయన వెళ్ళిపోతే ఊడ్చేవాళ్ళు లేరు. దాన్ని అందరూ వృత్తి చికిత్స అనే పిలిచేవారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షను ప్రకారం సంస్థలో ఉన్నవారి చేత బలవంతంగా పని చేయించకూడదు, పని చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. మీ శిక్షణలో ఇది చెప్పినప్పుడు గది నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని పూరించడానికి తొందరపడకండి.

అదే చట్టం 18వ సెక్షనులో సగం దారి ఇళ్ళు (ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే ముందు కొంతకాలం ఉండే హాఫ్‌వే హోమ్‌లు), ఆసరాతో కూడిన నివాసాలు, ఇంటి వద్ద పునరావాసం ప్రభుత్వం అందించవలసిన సేవల్లో ఉన్నాయి. 19వ సెక్షను సమాజంలో జీవించే హక్కును చెబుతుంది. అంటే పునరావాసం ఇక ఎవరి దయా కాదు. క్షేత్రంలో ఇవన్నీ ఎంత ఉన్నాయో మీకూ నాకూ తెలుసు. అయినా మీ నర్సులకు ఇది తెలిసి ఉండాలి. ఎందుకో చెప్పాలంటే ఎర్వాడి గుర్తు చేయండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఆ దర్గా ఊళ్ళో ఒక పాకలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టి ఉన్న మానసిక రోగులు కదలలేక కాలిపోయారు. 28 మంది పోయారు. వాళ్ళను అక్కడ వదిలిన కుటుంబాలన్నీ క్రూరమైనవి కావు. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య మరేదీ లేకపోతే జనం ఏదో ఒకచోటు వెతుక్కుంటారు.

నర్సులు అడిగే ఆచరణ ప్రశ్న ఒకటి: సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక రుగ్మత కూడా ఉంది. దాని వైకల్యాన్ని "ఐడియాస్" అనే కొలమానంతో కొలుస్తారు. తన సంరక్షణ తాను చేసుకోవడం, మనుషులతో సంబంధాలు, మాట్లాడటం అర్థం చేసుకోవడం, పని అనే నాలుగు అంశాలకు ఒక్కోదానికి 4 వరకు మార్కులు, జబ్బు ఎంతకాలంగా ఉందన్నదానికి మరికొన్ని మార్కులు. మొత్తం 20లో 7 వస్తే 40 శాతం వైకల్యం కింద లెక్క. ఈ నాలుగు అంశాలనూ మీ నర్సులకు శ్రద్ధగా నేర్పండి. వార్డులో మనం రాసే నోట్సులో ఇవేమీ ఉండవు కాబట్టే సదరం క్యాంపులో డాక్టరు ముందు కుటుంబం నోరు మెదపలేకపోతుంది. ఇందులో ఒక ముడి కూడా ఉంది. వికలాంగుల పింఛనును తెలంగాణ 2023లో 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 2024లో 6,000కు పెంచాయి. పనిలో చేరితే పింఛను పోతుందేమోనని కుటుంబాలు భయపడతాయి, కొన్నిచోట్ల ఆ భయంతోనే కొడుకును ఇంట్లో కూర్చోబెడతాయి. వాళ్ళను తప్పుపట్టకండి; కూర్చుని లెక్క వేయించండి.

కుటుంబం గురించి ఇంకొక్క మాట. మన దగ్గర పునరావాస బృందమంటే వాస్తవానికి తల్లే. ఆమె అలసిపోయి ఉంటుంది. ఆమెకు కొత్త పనులు అప్పగించే ముందు ఆమె రాత్రి నిద్రపోతున్నదో లేదో అడగమని మీ కౌన్సెలర్లకు చెప్పండి. "ఉద్యోగం వస్తే పెళ్ళి చేసేయవచ్చా?" అన్న ప్రశ్న కూడా తప్పదు. పెళ్ళి కోరుకునే హక్కు అందరికీ ఉంది, కానీ పెళ్ళి చికిత్స కాదు. అవతలి వ్యక్తికి దాచి చేసిన పెళ్ళిళ్ళు మందులు దాచుకుని మానేయడంతో మొదలై ఎక్కడ ముగుస్తాయో నేను చాలాసార్లు చూశాను.

ఇక ఆ పూట ఎలా గడపాలో చెబుతాను. మొదట పైన చెప్పిన కేసు షీటు. తరువాత అందరికీ ఒక్కో కాగితం ఇచ్చి, ఎడమవైపు తమ నిన్నటి రోజును గంటగంటకూ, కుడివైపు వార్డులో ఒక రోగి నిన్నటి రోజును గంటగంటకూ రాయమనండి. కుడివైపు మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు వరకు ఎవరూ ఏమీ రాయలేరు. మాట్లాడవలసింది అక్కడే. ఆ తరువాత ఒక గంట లక్ష్యాలు రాయించండి. "ఇన్‌సైట్ (తన జబ్బును తాను గుర్తించడం) పెంచాలి", "సామాజిక నైపుణ్యాలు మెరుగుపరచాలి" అని రాస్తారు. కొట్టేసి, రోగి నోట వచ్చిన మాటనే రాయమనండి. చివరి గంట, జబ్బుతో బతుకుతూ తన జీవితాన్ని తిరిగి నిలబెట్టుకున్న ఒకరిని పిలిచి మాట్లాడించండి. డాక్టర్లను పిలిస్తే ఇచ్చినట్టే వారికీ గౌరవ వేతనం ఇవ్వండి. ఏ ప్రశ్నలకు జవాబు చెప్పడం ఇష్టం లేదో ముందే అడిగి సభకు చెప్పండి. వారిని ప్రదర్శనగా మార్చకూడదు. నేను ఒకసారి ఆ పొరపాటు చేశాను, ఆయన మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. శిక్షణ చివర ప్రశ్నపత్రం పెట్టి మార్కులు వేయకండి. అందులో అందరికీ పదికి తొమ్మిది వస్తాయి, వార్డు మాత్రం మారదు.

గదీ నిధులూ లేకుండా ఏం చేయవచ్చన్నది మీ చివరి ప్రశ్న. చాలా చేయవచ్చు. నర్సు మందుల డబ్బాలోంచి తీసి మింగించడం కాకుండా, డిశ్చార్జికి వారం ముందు నుంచి రోగే తన మాత్రలు తీసుకుని, పేరు చెప్పి, వేసుకునేలా నర్సు ఎదుట అలవాటు చేయించవచ్చు. ఇంటికి ఏ బస్సు ఎక్కాలో, ఎంత టిక్కెట్టో రోగితోనే కనుక్కోనివ్వవచ్చు. బట్టలు మడత పెట్టడం, గడ్డం గీసుకోవడం, ఫోన్ చేసి మాట్లాడటం, ఇవన్నీ మీరు ఇప్పటికే వాళ్ళ తరఫున చేస్తున్న పనులు. వాళ్ళ తరఫున చేయడం ఆపి, వాళ్ళు చేస్తుంటే పక్కన నిలబడటానికి కావలసింది డబ్బు కాదు, ఒక్కో పనికి అదనంగా పది నిమిషాలు. ఆ పది నిమిషాలు రెండు షిఫ్టులు మారే వేళ దొరకవు కాబట్టి మధ్యాహ్నపు ఆ ఖాళీ నాలుగు గంటల్లో పెట్టుకోండి. ఇద్దరు రోగులతో మొదలుపెట్టండి, ముప్పై మందితో కాదు. ఎవరితో మొదలుపెట్టాలో నర్సులనే ఎంచుకోమనండి. తమకు ఇష్టమైన రోగిని ఎంచుకుంటారు, పరవాలేదు. నెల రోజుల తరువాత ఆ రెండు ఫైళ్ళు మళ్ళీ తీసి, మొదటి రోజు అడిగిన ప్రశ్నే అడగండి: పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఈయన ఏం చేస్తున్నారు? ఈసారి కాగితం మీద రెండు మూడు గంటలైనా నిండి ఉంటే మీ శిక్షణ పనిచేస్తున్నట్టే. ఏమీ నిండకపోతే ఆ ఫైలు నోట్సు ఇక్కడ పేరు లేకుండా రాయండి, కలిసి చూద్దాం.